గుత్తకిచ్చిన డాక్టరు

డాక్టరీ చదివినవాళ్ళు రోగుల దగ్గరే ఆగిపోకూడదని, వ్యాపారంలోకి దిగి రాష్ట్రాన్ని ముందుకు నడపాలని మంత్రిగారు మే నెల మిట్టమధ్యాహ్నం ప్రకటించారు. కదిరి దగ్గర ఒక మండల కేంద్రంలో, షామియానా కింద ఈ చారిత్రక ప్రకటన వెలువడింది. తొలి ఆదర్శమూర్తిగా డాక్టర్ భరత్‌కుమార్ వేదిక మీద నిలబడి ఉన్నాడు.

భరత్‌కుమార్ ఆ ఊరి ప్రభుత్వాసుపత్రికి ఉన్న ఒకే ఒక డాక్టరు. కదిరిలో నూనె కొట్టు నడిపే బదరీనారాయణ కొడుకు. "అన్నేండ్లు చదివి ఏం సాధించినావురా? మన కొట్లో ఆంజి పది తప్పినాడు, వాడు నీకన్నా బాగా బేరం చేస్తాడు" అని తండ్రి పదిమందిలో అనేవాడు. ఆ మాట పడలేక భరత్‌కుమార్ కొర్రబిస్కెట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ రోజు దాని ప్రారంభోత్సవం.

అతని రాజీనామాను మంత్రిగారు వేదిక మీదే ఆమోదించేశారు. సర్కారు పని ఇంత వేగంగా జరగడం ఎన్నడూ చూడని జనం చప్పట్లు కొట్టారు. భరత్‌కుమార్‌కు మనసు తేలికైంది. వెంటనే, ఎందుకో కాస్త గుబులు కూడా వేసింది.

తరువాత మంత్రిగారు ప్రజారోగ్యం గురించి గంటన్నర మాట్లాడి, "ఈ ఎండలు మనల్నేం చేయలేవు" అంటూ కూలిపోయారు.

ఆసుపత్రికి మోసుకుపోయారు. నర్సు జ్యోతి మంచం చూపించింది, ఖాళీ కుర్చీ కూడా చూపించింది. "డాక్టరు పోస్టు ఇప్పుడే ఖాళీ అయింది సార్."

"నేనీడనే ఉండా కదా, సెలైన్ తీసుకురా" అంటూ భరత్‌కుమార్ మంత్రిగారి చెయ్యి పట్టుకోబోయాడు.

పీఏ తిప్పేష్ అడ్డం వచ్చాడు. "ఆగండి సార్. మీరిప్పుడు బిస్కెట్ల ఓనరు. సర్కారు ఆసుపత్రిలో ప్రైవేటు మనిషి మంత్రిగారిని ముట్టుకుంటే పేపర్లో ఏమొస్తాది?"

"ఒళ్ళు కాలిపోతాండాది. ఆయన పోతే ఏమొస్తాది?"

తిప్పేష్ ఆలోచించాడు. "అయితే రాజీనామా వాపస్ తీసుకోండి."

"ఆమోదించినాయనే రద్దు చేయల్ల."

అందరూ మంత్రిగారి వైపు చూశారు. ఆయన ఏ అభిప్రాయమూ వెల్లడించలేదు.

అప్పుడు బదరీనారాయణ ముందుకొచ్చాడు. "ఏమప్పా తిప్పేష్, మనిషిని వాపస్ తీసుకోవద్దులే. మావాని కంపెనీకి డాక్టరు పని గుత్తకియ్యి. సరుకు రెడీగా ఉండాది."

తిప్పేష్ మొహం విప్పారింది. గుత్త నోటిమాటతో ఖాయమైంది. సెలైన్ ఎక్కింది. ఒంటికి తడిగుడ్డలు చుట్టారు. సాయంత్రానికి మంత్రిగారు లేచి కూర్చుని, ఆసుపత్రికి డాక్టర్లను సరఫరా చేసే బాధ్యతను కొర్రబిస్కెట్ల కంపెనీకి అప్పగిస్తున్నట్టు మంచం మీది నుంచే ప్రకటించారు. ఖర్చు మూడింతలైనా సామర్థ్యం పెరుగుతుందని వివరించారు.

"నీ చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చెరా" అని బదరీనారాయణ జీవితంలో మొదటిసారి కొడుకు భుజం తట్టాడు.

సోమవారం భరత్‌కుమార్ అదే గదిలో అదే కుర్చీలో కూర్చున్నాడు. బీపీ మాత్రల కోసం వచ్చిన బయమ్మ అనే ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు పోతివని చెప్పిరే సామీ?"

"పోయినా అవ్వా. ఇప్పుడు ఈడుండేది కంపెనీ."

"ఎవరైతేనేమి, నా మాత్రలియ్యి."

"మా గుత్తలో డాక్టరొకటే ఉండాది. మాత్రలు లేవు."

బయమ్మ చెయ్యి చాపింది. "అయితే బీపీ అన్నా చూడు."

భరత్‌కుమార్ పట్టీ చుట్టి జాగ్రత్తగా చూశాడు. "శానా ఎక్కువుండాది" అన్నాడు.

బయమ్మ లేవలేదు. భరత్‌కుమార్ తలుపు వైపు చూసి, తర్వాతి వాళ్ళను పిలిచాడు.