పురికొసతో నిలిచిన వంతెన

చింతాడపేటలో పెద్దగెడ్డ వాగు మీద కట్టిన వంతెన, తనను తీసే వీడియో ఎంత కదిలితే తానూ అంతే కదలడం మొదలుపెట్టి ఏడాది దాటిపోయింది. ఊళ్లో ఎవరూ పెద్దగా గాభరా పడలేదు. రోడ్డు గుంటల్లో నడుములు అరగదీసుకున్న జనానికి వంతెన ఊపు ఒక లెక్కా? సంగతి బయటపడింది ప్రారంభోత్సవం నాడే. పెళ్లి వీడియోలు తీసుకు బతికే గౌరీశును పిలిచి రిబ్బను కత్తిరించడం తీయమన్నారు. పొద్దుట నుంచి టీ చుక్కయినా పడని గౌరీశు చెయ్యి సన్నగా వణికింది. వంతెనా సన్నగా వణికింది. పాలవాడి క్యాను గెడ్డలో పడింది. భయపడి కెమెరా ఆపేస్తే వంతెన తన ఇష్టం వచ్చినట్టు ఊగిపోయింది. మళ్లీ తీస్తే కుదుటపడింది.

ఇంజినీరింగు శాఖవారు దీన్ని శుభవార్తగా స్వీకరించారు. స్తంభాలు బాగుచేయాలంటే అంచనాలు, టెండర్లు, కాంట్రాక్టరు అలకలు, ఎంత తలనొప్పి! వీడియో అయితే ఒక్క మనిషి చాలు. ఏఈ కూర్మారావు అక్కడికక్కడే గౌరీశును ‘వంతెన నిలకడ నిర్వాహకుడు (తాత్కాలికం)’గా వేసుకున్నాడు. మొదటి బస్సు మొదలు ఆఖరి బస్సు దాకా గట్టున నిలబడి వంతెనను కదలకుండా తీయాలి. ఆఖరి బస్సు వెళ్లాక వెదురుగడ అడ్డం వేసేస్తారు. గౌరీశు పొంగిపోయాడు. పెళ్లిళ్లకు మూఢం అడ్డొస్తుంది గాని వంతెనకు మూఢం ఏముంది?

పొంగనిది అతని భార్య పైడమ్మ ఒక్కతే. ఆమె పని గెడ్డకు అవతల, జనపనార మిల్లులో. చుట్టు తిరిగి వెళితే మిల్లు గేటు మూసేస్తారు. కనుక రోజూ పొద్దున్నే మొగుడి చేతిలో ఉన్న వంతెన మీద నుంచే నడవాలి. మొగుడి చేతుల్లో ప్రాణాలు పెట్టుకున్న ఆడవాళ్లు ఊరి నిండా ఉన్నారు గాని, ఇంత అక్షరాలా పెట్టుకున్నది పైడమ్మే.

గౌరీశు వెళ్లి ఏఈని అడిగాడు. “సార్, కెమెరాకి స్టాండొకటి ఇప్పించండి. ఒట్టి చేత్తో ఎంతసేపని పట్టీది?”

“వంతెన పద్దులో స్టాండుకి చోటు లేదయ్యా. స్టాండు పద్దులో వంతెనకి చోటు లేదు,” అన్నాడు కూర్మారావు, ఎంతో ప్రేమగా. “ఇంట్లో ఉన్నదాంతోనే ఏదో ఒకటి చూసుకో. ఖర్చులేని పని చేసేవాడంటే పైవాళ్లకి గౌరవం.”

ఆ గౌరవం కోసం గౌరీశు ముందు గొడుగు పట్టుకెళ్లాడు. మొన నేలలో గుచ్చి, పిడికి కెమెరాను రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. చక్కగా నిలిచింది. పదకొండు గంటల బస్సు వంతెన మధ్యకు రాగానే గాలికి గొడుగు విచ్చుకుంది. బస్సు మూరెడు ఎత్తు లేచి దిగింది. పైకి లేచిన దూరానికి టికెట్టు కొట్టలేదని తనిఖీవాళ్లు కండక్టరును మందలించారు.

తరవాత బియ్యం మూట. గట్టు గోడ మీద మూట పెట్టి, దాంట్లోకి కెమెరాను గుంట చేసి కూర్చోబెట్టాడు. నిజం చెప్పాలంటే ఈ ఉపాయం బంగారం లాంటిది. కాకపోతే ఒక మేక వచ్చి మూట మూల కొరికింది. గింజలు జారినకొద్దీ కెమెరా ఒరిగింది, వంతెన మిల్లు వైపు వాలింది. అటు వెళ్లేవాళ్లు సైకిలు తొక్కే పని లేదని సంబరపడ్డారు. ఇటు వచ్చేవాళ్లు అర్జీ పెట్టారు. రెండు పక్షాల వాదనలూ విని, మేకను దోషిగా తేల్చారు.

చివరికి పైడమ్మే మిల్లు నుంచి పురికొస తెచ్చింది. “తాడు బిగిత్తే ఒణకదు మావా. మా మిల్లులో రోజూ సూత్తన్నాను కదేటి.” కెమెరా అడుగున స్టాండు కోసం ఉండే కన్నంలో ఒక బోల్టు బిగించి, దానికి పురికొస కట్టి, రెండో కొసను గౌరీశు కాలి కింద తొక్కించింది. “ఇప్పుడు కెమెరాని పైకి లాగి పట్టు. ఇంకా లాగు.” తాడు వీణ తీగలా బిగుసుకుంది. చెయ్యి ఆగింది. వంతెన రాయిలా నిలబడింది. ఆ రోజు పైడమ్మ గెడ్డ దాటుతూ మొదటిసారి కమ్మీ పట్టుకోలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా పెళ్లిళ్ల రోజులొచ్చాయి. గట్టు పక్క కల్యాణ మండపంలో ఒక పొద్దున గట్టిమేళం మోగింది. పెళ్లి వీడియో తీసేవాడి చెవిన గట్టిమేళం పడిందంటే ఇక చెయ్యి వాడి మాట వినదు. తాళి కట్టే క్షణం తప్పిపోతే ఆడపెళ్లివారు బతకనిస్తారా? గౌరీశు కెమెరా గిర్రున మండపం వైపు తిరిగింది. వంతెన అవతలి కొస మిల్లు రోడ్డును వదిలి, పెళ్లివారి భోజనాల పందిట్లోకి వచ్చి ఆగింది. మధ్యలో పైడమ్మ కమ్మీని కావలించుకుని వేలాడుతోంది. గౌరీశు అప్పుడు చూశాడు. అంగుళం అంగుళం వెనక్కి తిప్పి వంతెనను మళ్లీ మిల్లుకు చేర్చేసరికి గేటు మూసేశారు.

“సొంత పెళ్లాం వంతెన మీదుంటే ఊళ్లోవోళ్ల తాళి కావలసొచ్చిందేటి నీకు?” అని ఇంటికొచ్చి కడిగేసింది.

“సెవి వినీసిందే పైడీ. నానేటి సెయ్యను?” అంటూ గౌరీశు అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాడు. వంతెన మీద ఆమె ప్రాణం పోతుందేమోనని అతనికి నిజంగానే భయం వేసింది.

విచారణ జరిపి, నిర్వాహకుడు చెవుల్లో దూది పెట్టుకోవాలని శాఖ ఆదేశించింది. పెట్టుకున్నాడు. ఇక అతని వీడియోలో దుమ్ము కూడా కదలడం మానేసింది. అంత నిలకడగా తీసేసరికి, ఇన్నాళ్లూ ఊపులో కనబడనిదొకటి కనబడింది. నడిమి స్తంభానికి చెయ్యి పట్టేంత పగులు.

కూర్మారావు వీడియో చూసి నిట్టూర్చాడు. “ఇది ఎప్పటినుంచో ఉన్నదే. ఎవరికీ కనబడకుండా తన మానాన తానుంది. నువ్వు కదలకుండా తీసి బయటపెట్టావు. అంత పనితనం ఎవరడిగారయ్యా నిన్ను? కెమెరా ఆపి, కొంచెం పైకెత్తి మళ్లీ తియ్యి.”

గౌరీశు ఆపి, పైకెత్తి తీశాడు. పగులు కూడా వెనకే పైకి పాకింది. మళ్లీ ఎత్తమన్నారు. స్తంభాలు పోయి రోడ్డు మిగిలింది, రోడ్డు పోయి కమ్మీ మిగిలింది, కమ్మీ కూడా పోయి వీడియోలో ఒట్టి ఆకాశం మిగిలింది. ఆకాశం బహు నిలకడైనది. కదలిక బొత్తిగా లేని వంతెనగా చింతాడపేట వంతెనకు బహుమతి వచ్చింది. పక్క జిల్లాల ఇంజినీర్లు వచ్చి పురికొసను తాకి, కొలతలు రాసుకుని వెళ్లారు. వంతెన ఊగుతున్నట్టు అనిపించినవాళ్లకు గట్టు మీదే తలతిరుగుడు మాత్రలు పంచుతున్నారు. జనం వేసుకుంటున్నారు. నడుస్తున్నారు.

ఒక పొద్దున పైడమ్మ క్యారేజీతో వంతెన మొదట్లో నిలబడింది. కింద గెడ్డలో పెద్ద సిమెంటు పెళ్ల దబ్బున పడింది. మిల్లు కూత వేసింది. ఆమె వెనక్కి వచ్చి గౌరీశు చెవిలో దూది తీసింది.

“మావా, కదుల్తందేటి?”

గౌరీశు కెమెరాలోకి చూశాడు. నీలంగా, నిశ్చలంగా ఉంది. “లేదే. ఇందులో ఏటీ కదల్లేదు.”

“నువ్వు సెప్తన్నావు కదా, మరైతే ఎల్తాను,” అంది పైడమ్మ. దూది మళ్లీ అతని చెవిలో పెట్టి, క్యారేజీ చంకలో ఇరికించుకుని వంతెన ఎక్కింది.

తల కాస్త పక్కకు తిప్పితే వంతెన కనిపిస్తుంది. కాని తల తిప్పితే చెయ్యి కదులుతుంది. గౌరీశు తల తిప్పలేదు.