బొట్టు పెట్టి అమ్మిన కెమెరా

కొప్పిశెట్టి సత్యలింగం తన పాత కెమెరాలూ లెన్సులూ అమ్మేసిన మర్నాడు పొద్దున్నే, నిబంధనల ప్రకారం, ఆయనకు భార్య ముఖం కనిపించడం ఆగిపోయింది.

కాఫీ గ్లాసు పట్టుకొచ్చిన కనకరత్నానికి జడ ఉంది. చెవులకు దిద్దులున్నాయి. ముక్కుపుడక ఎక్కడ ఉండాలో అక్కడే, గాల్లో, బుద్ధిగా నిలబడి ఉంది. మిగతా స్థలమంతా సున్నం కొట్టిన గోడలా శుభ్రంగా ఉంది. సత్యలింగం కాఫీ తాగి, పంచదార తక్కువైందని చెప్పి, స్నానానికి లేచాడు. కాకినాడలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. వాళ్ల పక్కవీధిలో దుర్బిణీ అమ్ముకున్న రిటైర్డ్ పోర్టు ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఓడలు కనిపించవు. రోజూ సాయంత్రం వెళ్లి ఖాళీ సముద్రం చూసి, రద్దీ బాగా తగ్గిందని మెచ్చుకుని వస్తుంటాడు.

ఇబ్బంది మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని సత్యలింగం ఒక మాట అన్నాడు. దానికి కనకరత్నం ఏమీ అనలేదు. కోపం వచ్చి ఊరుకుందో, వినిపించక ఊరుకుందో చూద్దామంటే చూడ్డానికి ఏమీ లేదు. పెళ్లాం కోపంగా ఉందో లేదో తెలియని మగాడు ఆ ఇంట్లో రెండో వడ్డింపు ఏ ధైర్యంతో అడుగుతాడు? ఆ పూట ఆయన మజ్జిగ లేకుండానే లేచాడు. చెయ్యి కడుక్కుంటుంటే గుండెలో కలుక్కుమంది. ఉప్పు సంగతికి కాదు. కనకరత్నం ముఖం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోతే, అక్కడ కూడా సున్నమే కనిపించింది.

సత్యలింగం ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్లకు ఫోటోలు తీశాడు. గోదావరి జిల్లాల్లో ఎంతమంది వియ్యంకులను పక్కపక్కన నిలబెట్టి, కొట్టుకోకుండా నవ్వించాడో లెక్క లేదు. ఫోన్లు వచ్చి ప్రతివాడూ ఫోటోగ్రాఫరైపోయాక స్టూడియోలో ఫోన్లకు వేసే కవర్లు అమ్మడం మొదలుపెట్టాడు. కెమెరాలు మాత్రం బియ్యం డబ్బాలో దాచుకున్నాడు. సముద్రపుగాలికి లెన్సుల్లో బూజు పడుతుందని, బియ్యమైతే తేమ లాగేస్తుందని ఆయన పద్ధతి. ఏటా ఆయుధపూజకు వాటిని పైకి తీసి, తుడిచి, ముందు నిమ్మకాయ పెట్టి, బొట్టు పెట్టేవాడు. ఒకసారి షట్టర్ నొక్కి ఆ టక్కుమనే చప్పుడు విని, మళ్లీ బియ్యంలోకి దించేవాడు.

ఈమధ్య ఊళ్లో కొత్తగా ఒక కాఫీ షాపు పెట్టారు. దాని పేరు పాతకాలం కాఫీ హౌస్. గోడల నిండా పనిచెయ్యని రేడియోలు, కుట్టుమిషన్లు బిగించి, వాటి కింద కూర్చోబెట్టి కాఫీ అమ్ముతారు. దాని మేనేజరు కుర్రాడు అన్వేష్ ఇంటికొచ్చి గోడకి కెమెరాలు కావాలని అడిగితే, ఏ లోకంలో ఉన్నాడో ఏమో, సత్యలింగం సరేనన్నాడు. పనికిరానివాటిని ఎన్నాళ్లు బియ్యం పెట్టి మేపుతామని పైగా ఒక జోకు కూడా వేశాడు. ఆ జోకు తలుచుకుని ఇప్పుడు రోజూ తనను తాను తిట్టుకుంటున్నాడు.

అమ్మిన వస్తువులతో పాటు వెళ్లిపోయిన చూపుల సంగతి చూసే చూపుల బదిలీ కార్యాలయం ఒక పాత గోడౌన్‌లో ఉంది. సత్యలింగం అక్కడికి వెళ్లాడు. సీనియర్ అసిస్టెంటు మంగతాయారు గారు కేసు విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. నిజానికి ఆవిడ ముందు బెంచీ మీద, కంటి క్యాంపులో కొత్త కళ్లజోడు తీసుకుని పాతది ఇచ్చేసి, మంత్రాలన్నీ దాంతో పోగొట్టుకున్న పురోహితుడు నారాయణావధాని గారు ఉదయం నుంచీ కూర్చుని ఉన్నారు.

"ఏమేం అమ్మారండీ?" అంది మంగతాయారు.

"రెండు కెమెరాలండి. పెద్ద లెన్సొకటి, వెడల్పు లెన్సొకటి, మామూలు లెన్సొకటి."

"వాటితో ఏమేం పోయాయి?"

సత్యలింగం ఆలోచించి చెప్పాడు. పెద్ద లెన్సుతో స్టేజీల మీద మాట్లాడే నాయకులు పోయారు. వెడల్పు లెన్సుతో చుట్టాలందరూ పోయారు. వాటి గురించి ఫిర్యాదేమీ లేదని, ఆ మాటకొస్తే ఇంట్లో కొంచెం ప్రశాంతంగానే ఉందని ఒప్పుకున్నాడు. మామూలు లెన్సుతో మా ఆవిడ పోయిందండి, అదొక్కటీ ఇప్పించండి చాలు అన్నాడు.

మంగతాయారు పెన్ను కింద పెట్టింది. "లెన్సుకి మూత పెట్టే ఇచ్చారా?"

"ఆయ్, మూత పెట్టే ఇచ్చానండి."

"మరి చూపులెలా వెళ్లిపోయాయండీ? మూత పెట్టి అమ్మితే చూపులు అమ్మినోళ్ల దగ్గరే ఉండిపోతాయి కదా." ఆవిడ మళ్లీ పెన్ను తీసుకుంది. "బొట్టుగానీ పెట్టారా?"

పెట్టారు. అన్వేష్ సంచీ తెచ్చుకుని గుమ్మంలో నిలబడితే, ఇన్నేళ్లు ఇంట్లో తిరిగిన వస్తువులు ఉత్తినే వెళ్లకూడదని కనకరత్నం ఒక్కోదానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయతో పాటు జాకెట్టు ముక్క కూడా సంచీలో వేసింది. జాగ్రత్తగా చూసుకో బాబూ అని ఆ కుర్రాడి చేతులు కూడా పట్టుకుంది. అన్వేష్ పాపం కంగారుపడి వంగి దణ్ణం పెట్టాడు.

"అది అమ్మకం కాదండీ మరి. అప్పగింతలు," అంది మంగతాయారు. "అప్పగింతలు చేసేశాక పిల్ల మీది, బుగ్గలు మాత్రం మావి అంటే కుదరదు కదండీ. అందరూ చేసే పొరపాటేలెండి. మొన్నొకాయన స్కూటర్‌కి బొట్టు పెట్టి ఇచ్చేసి, అన్నవరం వెళ్లే దారి కనపడట్లేదని వచ్చాడు. ఇప్పుడు బస్సులో కళ్లు మూసుకుని వెళ్తున్నాడు."

అప్పగింతలు రద్దు చెయ్యడానికి మార్గం ఉంది. బొట్టు పెట్టిన మనిషి స్వయంగా వచ్చి చెప్పాలి. అంతకంటే ముందు, ఆ మనిషి దరఖాస్తుదారుణ్ణి నలుగురిలో గుర్తుపట్టాలి. గుర్తుపట్టకుండా ఇస్తే ఎవరెవరో వచ్చి ఎవరెవరి ఆవిడల ముఖాలో పట్టుకెళ్లిపోతున్నారని, ఈ నిబంధన అందుకే పెట్టామని మంగతాయారు వివరించింది.

"గుర్తుపట్టకపోవడమేంటండీ! ఇన్నేళ్ల కాపరం," అని సత్యలింగం నవ్వాడు.

విచారణకు ముందురోజు ఆగలేక ఆయన పాతకాలం కాఫీ హౌస్‌కు వెళ్లాడు. మామూలు లెన్సును చెయ్యి కడుక్కునే చోటుకు పైన, కుట్టుమిషన్‌కూ రేడియోకూ మధ్య, గోడలోకి సిమెంటు పెట్టి దిగ్గొట్టారు. బొట్టు ఇంకా ఉంది. కాఫీ తాగిన ప్రతివాడూ చెయ్యి కడుక్కుంటూ ఒక కన్ను అందులో పెట్టి, కనకరత్నాన్ని చూసి, మూతి తుడుచుకుని వెళ్తున్నాడు.

"మేడమ్ గారు చాలా బాగుంటారు సార్," అన్నాడు అన్వేష్ మర్యాదగా. "మా పొద్దున డ్యూటీవాళ్లందరికీ బాగా అలవాటు. తీసివ్వమంటే గోడ పగులుద్ది సార్. ఆఫీసు ఆర్డరు తెండి, తప్పకుండా పగలగొట్టేద్దాం."

సత్యలింగం కాఫీ ఆర్డరిచ్చి, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కన్ను పెట్టాడు. కనకరత్నం ఉంది. ఉప్పాడ ఒడ్డున ఎండకు కళ్లు చికిలించి ఉంది. ప్రసవమయ్యాక ఆస్పత్రి మంచం మీద, ఒళ్లో బిడ్డతో ఉంది. ద్రాక్షారం గుడి మెట్ల మీద తడి జుట్టుతో ఉంది. ఎంత బాగుందో! ఇంత అందగత్తె తన ఇంట్లోనే ఉందన్న సంగతి ఆయనకు అక్కడ చెయ్యి కడుక్కునే తొట్టి దగ్గర తెలిసింది. ఒక్కటే అర్థం కాలేదు. ప్రతి చోటా ఆవిడ పెదవులు కదిలి ఏదో అంటోంది. అన్నిచోట్లా ఒకే మాటలా ఉంది. లెన్సులో శబ్దం రాదు. వెనకాల వరసలో ఉన్నాయన సబ్బుచేత్తో భుజం తట్టేసరికి సత్యలింగం పక్కకు తప్పుకుని, అక్కడే కుట్టుమిషన్ కింద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బుద్ధి గడ్డితిని అమ్ముకున్నాను అని పైకే అన్నాడు. అన్వేష్ మంచివాడు. టిష్యూ పేపరు ఇచ్చి, బిల్లులో దాన్ని కలపలేదు.

మర్నాడు కనకరత్నం ఉతికిన నేతచీర కట్టుకుని కార్యాలయానికి వచ్చింది. గోడ దగ్గర ముగ్గురు మగవాళ్లను నిలబెట్టారు. ఒకరు సత్యలింగం. రెండోవాడు అటెండరు దొరబాబు. మూడోవారు నారాయణావధాని గారు. మంత్రాలు తిరిగొచ్చేదాకా ఖాళీయే కాబట్టి ఆయన సాయానికి ఒప్పుకున్నారు. ఎవరూ మాట్లాడకూడదని మంగతాయారు చెప్పింది.

"వీళ్లల్లో మీ ఆయన ఎవరో చూపించండమ్మా."

కనకరత్నం ముగ్గురినీ పైనుంచి కిందదాకా చూసింది. దొరబాబు దగ్గర కొంచెం ఆగింది. అవధాని గారి దగ్గర ఇంకొంచెం ఆగింది. సత్యలింగం కళ్లు పెద్దవి చేసి, కనుబొమలు ఎగరేసి, దగ్గి, చెయ్యగలిగిన సైగలన్నీ చేశాడు. ఆవిడ ఆయన్ని బస్సులో పక్కసీటు మనిషిని చూసినట్టు చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంది.

"తెలీట్లేదండీ," అంది.

కనకరత్నం చీర చెంగు సర్దుకుని, "ఒక చిన్న పని చెయ్యండమ్మా," అంది. "ముగ్గుర్నీ మొహానికి ఏదైనా అడ్డం పెట్టుకోమనండి. చెప్పేస్తాను."

నిబంధనల్లో అది వద్దని ఎక్కడా లేదు. దొరబాబు బల్లమీది ఫైళ్లు మూడు తెచ్చి తలా ఒకటి పంచాడు. ముగ్గురూ ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, నడుం కొంచెం వంచి, ఒక కన్ను మూసి నిలబడినవాణ్ణి కనకరత్నం క్షణం ఆలస్యం లేకుండా వేలెత్తి చూపించింది.

"ఈయనేనండీ. ఎక్కడున్నా పట్టేస్తాను."

మంగతాయారు మొదటిసారి కుర్చీలో ముందుకు వంగింది. "మరి మొహం చూసి ఎందుకు పట్టలేదమ్మా?"

"ఎప్పుడు చూశానండీ?" అంది కనకరత్నం. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు, రేషను షాపులో కందిపప్పు రాలేదని చెప్పినట్టే చెప్పింది. "పెళ్లిలో మా మధ్య తెర తీశారు గదండీ, జీలకర్రా బెల్లం పెట్టాక. తల ఎత్తి చూస్తే ఎదురుగా లెన్సుంది. పక్కన మూసిన కన్నొకటుంది. లైటింగు ఇంకోళ్లకి చేతకాదని తన పెళ్లికి తనే ఫోటోలు తీసుకున్నారు. తాళి ఒక్క ముడి వేసి, మిగతావి మా ఆడపడుచుని వెయ్యమని కెమెరా దగ్గరికి పరిగెత్తారు. తర్వాత ఎక్కడికెళ్లినా అంతేనండి. మొన్న అది అమ్మేశాక చూస్తే అక్కడ ఏమీ లేదు. చెవులున్నాయి, మీసం గాల్లో ఉంది. అప్పట్నుంచీ ఏ మగాడి మొహమైనా నాకు అలాగే కనపడుతోంది. ఇదేమీ కొత్త కాదు గదా అని నేను కంగారుపడలేదు."

సత్యలింగం ఫైలు కొంచెం దించాడు. "ఉప్పాడలో ఏదో అన్నావు. ఆస్పత్రిలోనూ అన్నావు. ఏంటది?"

మాట్లాడకూడదన్న నిబంధనను మంగతాయారు ఆ ఒక్కసారికి పట్టించుకోలేదు.

"ఆ పెట్టె దించి ఒక్కసారి ఇటు చూడండీ అన్నాను," అంది కనకరత్నం. "మీరు కదలొద్దన్నారు. కదల్లేదు."

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. ఉభయులకూ పరస్పరం ముఖాలు లేనందున ఇందులో నష్టపోయినవారెవరూ లేరని, కాబట్టి గోడ పగలగొట్టాల్సిన అవసరం కనిపించలేదని అందులో ఉంది. కాగితం చేతికిస్తూ మంగతాయారు ఓదార్పుగా రెండు మాటలు చెప్పింది. "ఒకళ్లకి కనపడి ఒకళ్లకి కనపడకపోతే కేసండీ. ఇద్దరికీ కనపడకపోతే సంసారం. మా ఇంట్లోనైనా అంతే." ఆవిడ తర్వాతి ఫైలు తీసుకుంది.

కనకరత్నం కనిపెట్టిన పద్ధతి మాత్రం పైఅధికారులకు నచ్చింది. గుర్తింపు కోసం నిలబడేవాళ్లందరూ ఇకమీదట ముఖానికి ఎదురుగా తమ ఫోన్లు పట్టుకుని నిలబడాలని ఆదేశాలు వచ్చాయి. ఫైళ్ల ఖర్చు కూడా ఉండదు. ఆ తర్వాత జిల్లాలో ఒక్క భార్యగానీ, ఒక్క భర్తగానీ, తల్లిగానీ, పిల్లలుగానీ తమవాళ్లను గుర్తుపట్టడంలో పొరపడలేదు. పెండింగు కేసులన్నీ తేలిపోయాయి. కార్యాలయానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఇంటికి వెళ్లే ఆటోలో సత్యలింగం పక్కన కూర్చుని, కనకరత్నమే ఆయన చెయ్యి తడిమి పట్టుకుని, "అలవాటైపోద్దండీ. నాకైపోలేదా?" అంది. ఆయన గట్టిగా ఒకటి నిశ్చయించుకున్నాడు. మిగిలిన రోజులు దేన్నీ అడ్డం పెట్టుకోకూడదు. ఆవిడ ఎదుట ఉట్టి ముఖంతో నిలబడాలి. చూడగా చూడగా ఆ సున్నంలోంచి ఒక కన్నో ముక్కో పైకి తేలకపోదు, తన ముఖమూ ఆవిడకు అలాగే తేలుతుంది. ఆ ఆశతో మర్నాడు బజారుకు వెళ్లి, ఆవిడకు ఇష్టమని సీతాఫలాలు కొని, ఇంటికొచ్చి తలుపు తట్టాడు.

కనకరత్నం తలుపు సగం తీసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసింది.

"ఆయన ఇంట్లో లేరండీ," అంది మర్యాదగా. "సాయంత్రం రండి."

తలుపు వేసుకుంది. సత్యలింగం కాసేపు గుమ్మం ముందు ఎండలో నిలబడ్డాడు. నేనే అని ఒక్క మాట అంటే సరిపోతుందని ఆయనకు తెలుసు. అందామనుకున్నాడు కూడా. చివరికి సీతాఫలాల సంచీ మోచేతికి తగిలించుకుని, జేబులోంచి ఫోన్ తీసి, ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. ఒక కన్ను మూశాడు. మళ్లీ తలుపు తట్టాడు.

"వచ్చేశారా," అని ఆవిడ తలుపు బార్లా తెరిచింది. "లోపలికి రండి, ఎండలో నిలబడ్డారేం."