అత్తగారి మందు పట్టీ

ఆ ఉదయం గడియారం వేసుకున్న పథకంలో పొరపాటుకి చోటే లేదు. ఏడింటికి స్నానం, ఏడుంబావుకి ఇస్త్రీ చొక్కా, ఎనిమిదింటికి బస్సు, పదింటికి పెద్దాఫీసు నుంచి వచ్చే ఇద్దరు అధికారుల ముందు కొత్త టైంటేబుల్. గడియారం అతని అసలు పేరు కాదు. బస్సు డిపోలో పద్నాలుగేళ్ళుగా టైంటేబుళ్ళు రాస్తున్న గుమాస్తా కాబట్టి తోటివాళ్ళు అలా పిలుస్తారు. ఆస్పత్రికి బస్సు మారే స్టాపులో మొదటి బస్సు దిగేసరికి రెండో బస్సు మూడు నిమిషాల ముందే వెళ్ళిపోయి ఉండేది. రోగులు నలభై నిమిషాలు ఎండలో నిలబడేవారు. గడియారం ఆ చిక్కు విప్పాడు. కాకపోతే ఆ పాత టైంటేబుల్ రాసింది డిపో మేనేజరే. ఇవాళ అధికారులు ఒప్పుకోకపోతే కొత్తది అటకెక్కినట్టే.

గడియారం కాపురం అత్తగారింట్లో. ఆవిడ నర్సింగ్ కాలేజీలో ముప్పై ఏళ్ళు మందుల పాఠం చెప్పి రిటైరైన మనిషి. గుండెకు చాలినంత రక్తం అందక ఛాతీ పట్టేసే జబ్బు గురించి ఏ ప్రశ్న అడిగినా నిద్రలో కూడా జవాబు చెప్పగలదు. తీరా ఆ జబ్బు ఆవిడకే వచ్చింది. వస్తే భయపడలేదు, పాత నోట్సు తీసి దుమ్ము దులిపింది. గడియారానికి ఆవిడంటే రెండు పాళ్ళు భయం, మూడు పాళ్ళు గౌరవం.

"ఇది గుండెని కొరడాతో కొట్టి పరిగెత్తించే మందు కాదమ్మా, నెత్తిమీద మూట దించే మందు. రక్తనాళాలు వదులవుతాయి, గుండెకి మోత తగ్గుతుంది" అని ఫోన్లో శిష్యురాళ్ళకి చెబుతుంటే బస్సులు తప్ప మరేమీ తెలియని అతనికి కూడా అర్థమైపోయేది. ఆ మందు ఉన్న చిన్న పట్టీని ఆవిడ రోజూ ఉదయం ఒంటికి అంటించుకుని రాత్రికి తీసేస్తుంది. ఎందుకు తీయాలని ఒకసారి అడిగాడు.

"రోజంతా ఇంట్లోనే ఉండే చుట్టాన్ని ఎవరు లెక్కచేస్తారు అల్లుడుగారూ? మందూ అంతే. రాత్రీ పగలూ ఒంటిమీదే ఉంటే ఒళ్ళు దాన్ని పట్టించుకోదు."

ఆరేళ్ళుగా అత్తగారింట్లోనే ఉంటున్న అల్లుడు ఆ పూట అన్నం తలవంచుకుని తిన్నాడు.

ఆవిడకి ఇంకో నియమం ఉంది. "ముందు రాత, తర్వాత అతుకు." వయసు మీద పడ్డాక అంటించుకున్నదీ లేనిదీ మరిచిపోయి రెండోది అంటించుకుంటానేమోనని భయం. అందుకని పట్టీ మీద తేదీ, టైము, చోటు రాసి, గోడ మీది చార్టులో టిక్కు పెట్టి, అప్పుడు గానీ అంటించుకోదు. ఆ ఉదయం కూడా రాసింది, టిక్కు పెట్టింది, వెనక కాగితం ఊడదీసింది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది.

"ఏంటీ? ఆయాసం జబ్బున్న మనిషికి గుండె పరుగు తగ్గించే మాత్ర ఇస్తారా? ఊపిరి గొట్టాలు మూసుకుపోవూ!" అంటూ ఆవిడ లేచింది. పట్టీని జిగురు పైకి ఉండేలా వాలుకుర్చీ మీద పెట్టి, పది నిమిషాలు పాఠం చెప్పింది. ఈలోగా గడియారం స్నానం చేసొచ్చి, తుండుతో ఆ కుర్చీలోనే చేరగిలబడి, "గౌరవనీయులైన అధికారులకు" అని ఉపన్యాసం బట్టీ పట్టాడు. వీపుకేదో చల్లగా తగిలింది. తడి అనుకున్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చిన అత్తగారు చార్టు చూసింది. టిక్కు ఉంది. అయిపోయిందనుకుంది. తన రాత మీద ఆవిడకి అంత నమ్మకం.

పావుతక్కువ పదింటికి డిపోలో గడియారానికి తల పగిలిపోతోంది. గుండె దడదడలాడుతోంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. సభాపిరికితనం అనుకుని నీళ్ళు తాగి కుర్చీలోంచి లేచాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. పట్టుకోవడానికి ఏది దొరికితే అది పట్టుకున్నాడు. దొరికింది మేనేజరు టై.

"తాగొచ్చావా?" అన్నాడు మేనేజరు టైతో పాటు కిందికి వంగిపోతూ. ఆ గొంతులో కోపం కంటే సంతోషం ఎక్కువుంది.

"లేదు సార్! తల తిరుగుతోంది."

"తాగితే తిరిగేదీ తలే. ఆ మిషన్ తీసుకురండి!"

డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు ఊదే మిషన్ అది. తాగినట్టు తేలితే డ్రైవరైనా గుమాస్తా అయినా ఆ రోజే సస్పెన్షన్. గడియారం ఊదాడు. సున్నా. మళ్ళీ ఊదాడు. మళ్ళీ సున్నా.

"మిషన్ పాడైంది" అన్నాడు మేనేజరు. "చూడండి, నేను ఊదినా సున్నాయే వస్తుంది."

ఊదాడు. ఎర్ర దీపం వెలిగి మిషన్ కుయ్యిమని అరిచింది. గదిలో ఒక్కరూ నవ్వలేదు, అందరూ కష్టపడి ఆపుకున్నారు.

"దగ్గు మందు!" అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. "ఒట్టు, ఇప్పుడే తాగాను, దగ్గు మందు!" ఆ తర్వాత ఆయన ఎవరి సస్పెన్షన్ మాటా ఎత్తలేదు.

ఇంతలో గడియారాన్ని బల్ల మీద పడుకోబెట్టారు. పాత కండక్టరు ఒకాయన అతని మొహం చూసి పెదవి విరిచాడు. "ఇది గుండే. మా అన్నయ్యకీ ఇలాగే వచ్చింది. ఆయన మాత్ర నా జేబులోనే ఉంది, నాలుక కింద పెట్టేద్దాం." ఇంకొకరు ఇంటికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, "మీవారికి హార్ట్ ఎటాకండీ!" అని గడియారం భార్యకి తాపీగా చెప్పాడు. అటువైపు ఒక కేక, వెంటనే అత్తగారి గొంతు.

"ఛాతీలో నొప్పుందా?"

"లేదండి, తలనొప్పి."

"మొహం ఎర్రబడిందా? లేస్తే తూలుతున్నాడా?"

"అవునండి. నాలుక కింద మాత్ర పెడుతున్నాం."

"పెట్టావంటే చేతులు విరగ్గొడతాను!" డిపో మొత్తం ఉలిక్కిపడింది. "అవి ఆ మాత్ర వేసుకున్నవాడికి వచ్చే లక్షణాలు. ఇంకోటి వేస్తే రక్తపోటు పాతాళానికి పోతుంది. కాళ్ళు ఎత్తి పెట్టండి. పట్టీలో ఉండేదీ ఆ మందే, ముందు చొక్కా విప్పి ఒళ్ళంతా వెతకండి."

చూడకుండా, ముట్టకుండా, మూడు ప్రశ్నలతో రోగాన్ని పట్టేసింది. ఆ తలనొప్పిలో కూడా గడియారానికి ఆవిడకి దండం పెట్టాలనిపించింది. చొక్కా విప్పారు. సరిగ్గా అప్పుడే పెద్దాఫీసు అధికారులిద్దరూ, ఒక పెద్దాయన, ఒకావిడ, లోపలికొచ్చారు. బల్ల మీద అర్ధనగ్నంగా గుమాస్తా, కాళ్ళ కింద నాలుగు రిజిస్టర్లు, మూలన దగ్గుతున్న మేనేజరు.

"వీపు మీద పట్టీ ఉందండోయ్!" అని కండక్టరు పీకి, పైకెత్తి చదివాడు. "ఇవాళ్టి తేదీ. ఏడు గంటలు. కుడి జబ్బ."



"అత్తయ్యగారూ" అన్నాడు గడియారం మెల్లగా, "ఇది నా వీపు మీదుంటే మీ జబ్బ మీద ఏముంది?"

"ఏమీ లేదు" అందావిడ. గొంతు చిన్నదైపోయింది. "ఇందాక బట్టలారేసి మెట్లు దిగుతుంటే ఛాతీ పట్టేసింది. జబ్బు ముదిరిందనుకున్నాను. మీకు చెప్పి కంగారు పెట్టడమెందుకని..."

"ఇంకా ఉందా నొప్పి?"

"ఉంది."

ఆరేళ్ళలో ఎన్నడూ ఆవిడ ముందు గొంతు పెంచని మనిషి ఇప్పుడు అరిచాడు. "మాట్లాడకండి! నిలబడకండి, కూర్చోండి! మీ అమ్మాయి చేత గోధుమరంగు గాజుసీసా తెప్పించుకుని మాత్ర నాలుక కింద పెట్టుకోండి, మింగకండి! అయిదు నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్స్. టైము నేను చూస్తాను!"

అవన్నీ ఆవిడ పాఠంలోవే. పక్కగదిలో ఉండి ఆరేళ్ళుగా విన్నవే. "పెట్టుకున్నారండీ" అంది భార్య.

అయిదు నిమిషాలు ఎంత పొడుగో టైంటేబుళ్ళు రాసేవాడికి ఆ రోజే తెలిసింది. ఒక నిమిషం గడిచేసరికి భార్య ఏడుపు వినిపించింది. వాళ్ళు ఆ మౌనాన్ని భరించలేరని అతనికి అర్థమైంది. నోటికొచ్చింది ఒక్కటే, టైంటేబుల్. పడుకునే, కాళ్ళు పైకెత్తుకునే, ఫోన్లోకి చెప్పడం మొదలుపెట్టాడు. "అత్తయ్యగారూ, వినండి. ఆస్పత్రికి మారే స్టాపుకి మొదటి బస్సు తొమ్మిదీ పదికి వస్తుంది. రెండోది తొమ్మిదీ ఏడుకే పోతోంది. మీలాంటివాళ్ళు నలభై నిమిషాలు నిలబడాలి. నేను రెండోదాన్ని తొమ్మిదీ పదిహేనుకి జరిపాను. కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త డ్రైవరు అక్కర్లేదు." బట్టీ పట్టిన ఉపన్యాసంలో ఒక్క ముక్క లేదు. గొంతు మాత్రం ఎక్కడా తడబడలేదు. అధికారులు నిలబడే విన్నారు.

"అయిదు నిమిషాలైంది" అన్నాడు చివరికి. "అత్తయ్యగారూ?"



"ఛాతీ మీద బరువు దిగింది" అంది ఆవిడ. "తప్పు నాదే అల్లుడుగారూ. అంటించాక రాయాలి. ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పి, నేను తిరగేశాను. మీరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. నా క్లాసులో ఉంటే మొదటి మార్కు మీకే." అంతలోనే, "ఇప్పుడు తలనొప్పి మొదలైంది" అంది.

మందు పనిచేస్తున్న గుర్తు అది. గడియారానికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "సోమవారం నుంచి నడపండి" అంది పెద్దాఫీసు ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ. కండక్టర్లు, మెకానిక్కులు, కిటికీ దగ్గర గుమిగూడిన డ్రైవర్లు, చివరికి మేనేజరు కూడా చప్పట్లు కొట్టారు.

ఒక ముసలావిడకి తలనొప్పి వచ్చిందని అంతమంది సంతోషించడం ఆ డిపో చరిత్రలో అదే మొదలు.