పదకొండు లోపాల హార్మోనియం

ఆ ఆదివారం పొద్దున సూర్యావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. హార్మోనియం ఫోటోలు తీసి నెట్‌లో అమ్మకానికి పెట్టాలి. అది పోగానే కిటికీ పక్కకు తన కుట్టుమిషన్ జరుపుకోవాలి. ఖుర్సీపార్ బస్తీలోని ఆ ఇంట్లో వెలుతురు సరిగ్గా వచ్చే కిటికీ అదొక్కటే. బడులు తెరిచేలోగా ముప్పై స్కూలు ఫ్రాకులు కుట్టివ్వాలి. కళ్లేమో సూదిలో దారం ఎక్కించడానికే మొరాయిస్తున్నాయి.

కొడుకు రవికాంత్ ఫోన్‌లో ప్రకటన రాసి చదివాడు. "మధురమైన స్వరం. కొత్తదానిలా ఉంటుంది. చూస్తే వదలరు."

ఆమె భర్త భుజంగరావు ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ముప్పై నాలుగేళ్లలో వెంట్రుకంత పగులున్న పట్టాని కూడా గేటు దాటనివ్వలేదు.

"కొత్తదానిలాగ ఎక్కడున్నాదిరా? ఎడంపక్క నాలుగో మెట్టు నొక్కితే, నువ్వు టీ తాగొచ్చాక పలుకుతాది."

"అరే నాన్నా, యే సబ్ నహీ లిఖ్తే. ఇవన్నీ రాస్తే ఎవడు కొంటాడు?"

"కొనకపోతే మానేస్తాడు. అబద్ధం కింద నా ఫోన్ నంబరు ఉండకూడదు."

చివరికి ప్రకటన ఆయనే రాశాడు. మొత్తం పదకొండు లోపాలు. "నాలుగో మెట్టు ఆలస్యం. తొమ్మిదో మెట్టు ఉబ్బసం వచ్చినట్లు ఈల వేయును. తిత్తికి రెండు అతుకులు. ఒకప్పుడు లోపల ఎలుక కాపురముండెను, ప్రస్తుతం లేదు. భజనలకు పనికివచ్చును, కచేరీలకు పనికిరాదు." ఫోటోలు కూడా లోపాలకే తీయించాడు, పక్కన స్కేలు పెట్టి.

రెండు రోజులు ఫోన్ మోగలేదు. మూడో రోజు భజన మండలి పోలయ్య గుమ్మంలోకి వచ్చాడు. కొనడానికి కాదు. ఆయన భుజం మీద ఇంకో హార్మోనియం ఉంది.

"అన్నయ్యా, సైటంతా అబద్దాలే. ఎలక సంగతి కూడా రాసినోడివి నువ్వొక్కడివే. మా మండలోళ్లు దీన్ని కొందామంటన్నారు. ఓపాలి సూసి సెప్పు."

రిటైరైన ఆరేళ్లలో భుజంగరావుని చూసి చెప్పమని అడిగినవాళ్లు లేరు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్న తీరు చూసి సూర్యావతి ఆ హార్మోనియం దించడానికి చోటు చూపించింది.

పొద్దుటి చల్లదనంలో ఒకసారి, మధ్యాహ్నం వేడిలో ఒకసారి, ఇలా మూడు రోజులు పరీక్షిస్తే గాని తనిఖీ కాగితం ఇవ్వనన్నాడాయన. ఆ కాగితం పేరు పక్కనున్న ఉతై ఊరి దాకా పాకింది. కొనేవాళ్లు "భుజంగరావుగారి కాగితం ఉందా?" అని అడగడం, అమ్మేవాళ్లు సరుకు తెచ్చి దించిపోవడం మొదలైంది. పది రోజుల్లో హాలు నిండా హార్మోనియంలు, డోలక్‌లు, ఎవరు పెట్టిపోయారో తెలియని ఒక సన్నాయి. కుట్టుమిషన్ హాల్లోంచి వరండాలోకి జరిగింది. డ్రమ్ములు వచ్చిన రోజున వరండాలోంచి స్నానాలగది పక్క సందులోకి వెళ్లింది. అక్కడ ఒక మసక బల్బు ఉంది.

"ఏటండీ ఇది! ఒకటి పంపించమంటే ఇంటినిండా తెచ్చినారు."

"నేను తేలేదే. అవే వచ్చినాయి."

ఆఖరికి నిజంగా కొనేవాడు దొరికాడు. స్మృతి నగర్ నుంచి శ్యామసుందర్ అనే సంగీతం మాస్టారు, ఆటో కూడా తెచ్చుకున్నాడు. వాయించి చూసి, "పిల్లలకి నేర్పడానికి ఇది చాలండీ" అన్నాడు. హార్మోనియం చుట్టడానికి దుప్పటి కోసం సూర్యావతి లోపలికి పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి మాస్టారు నాలుగో మెట్టు నొక్కుతున్నాడు, భుజంగరావు వాచీ చూస్తున్నాడు.

"చూశారా, ఆలస్యం. ఇప్పుడు తొమ్మిదోది నొక్కండి. అబ్బే, ఇది మీకొద్దు మాస్టారూ. ఆ మూలది తీసుకెళ్లండి, అది పాసయ్యింది."

ఆటోలో ఎవరిదో హార్మోనియం వెళ్లిపోయింది. దుప్పటి సూర్యావతి చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం కుర్చీ మీద కొత్తగా కుట్టిన ఫ్రాకు భుజంగరావు కంట పడింది. అలవాటు చొప్పున వెలుతురుకు పట్టి చూశాడు. "అంచు వేలెడు వంకర" అంటూ భార్య సుద్దముక్కతోనే దాని మీద అడ్డంగా గీత గీసేశాడు. గుమ్మంలోకి వచ్చిన రవికాంత్ వచ్చినట్టే లోపలికి వెళ్లిపోయాడు.

సూర్యావతి అరవలేదు. కాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గీత గీసేస్తే అయిపోనాదా? మీ ప్లాంటులో కారణం రాయరా?"

"రాస్తాం."

"రాయండి మరి."

ఆయన సర్దుకుని కూర్చున్నాడు. "ఎక్కడ కుట్టినావు?"

"వెనక సందులో."

"వెలుతురు?"

"మీరే ఎళ్లి సూడండి."

వెళ్లాడు. మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయాడు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. ఆ తరవాత ప్రయత్నించలేదు గాని, వెంటనే లేచి రాలేదు కూడా.

వచ్చి రాశాడు. "కారణం: వెలుతురు లేదు. వెలుతురు లేకపోవుటకు కారణం: కిటికీ వద్ద వాయిద్యములు." అక్కడ పెన్ను ఆగింది.

"బాధ్యులెవరో కూడా రాయాలి కదా నాన్నా?" లోపల్నుంచి రవికాంత్ గొంతు.

భుజంగరావు గోడవైపు గుర్రుగా చూసి, ఇంటిపేరుతో సహా తన పేరు రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర మిషన్ గడగడా తిరుగుతోంది. వీధి తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది: "వాయిద్యములవారు వెనక గుమ్మమునుండి రావలెను. టార్చిలైటు తెచ్చుకొనవలెను."