బొట్టు పెట్టిన మోటారు

ఉత్కంఠ రేపడంలో రాయలసీమ ఆకాశాన్ని మించిన దర్శకుడు ఇంతవరకు పుట్టలేదు. ఆ పొద్దున కూడా నల్లమల మీద మబ్బులు గుంపుగా చేరి, గొంతు సవరించుకొని, రెండు చుక్కలు రాల్చి, విరామం ప్రకటించి వెళ్లిపోయాయి.

ఓబుళేశు మబ్బు వంక చూడలేదు. కాలువ గట్టున ఉండాల్సిన తన మోటారు అక్కడ లేదు. శెనక్కాయ చేను ఊడలు దిగే అదునులో ఉంది. వారంలోగా ఒక తడి పడకపోతే పంట చేతికి రాదు. మోటారు ఎంతో దూరం పోలేదు, పక్క చేన్లోనే ఉంది. నరసన్న దానికి నీలం రంగు కొట్టి ఆడించుకుంటున్నాడు. ఓబుళేశు పెండ్లాం శివకుమారి శుక్రవారం పెట్టిన మూడు కుంకుమ బొట్లు మాత్రం అట్లే ఉన్నాయి. బొట్టు మీద రంగు పూస్తే పాపమని నరసన్న వాటి చుట్టూ జాగ్రత్తగా కుంచె తిప్పాడు. (దొంగతనం వేరు, పాపం వేరు.)

ఠాణాకు పోతే, ఫిర్యాదులు తీసుకునే బల్ల ఉత్కంఠ విభాగానికి మారిందన్నారు. ఫిర్యాదులను ఎవరూ చదవడం లేదనీ, టీవీలో నేర సీరియళ్లను అందరూ చూస్తున్నారనీ పైవాళ్లు కనిపెట్టారట. అందువల్ల ప్రతి ఫిర్యాదునూ సీరియల్‌గా తీసి, అది పూర్తిగా ప్రసారమయ్యాకే దొంగను పట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఉత్కంఠాధికారి పేరు జ్ఞానరాజు. పెళ్లి వీడియోల్లో ఇరవై ఏళ్ల అనుభవం.

"చెప్పప్పా."

"నా మోటారు నరసన్న ఎత్తుకపోయినాడు సార్. వాని చేన్లో ఉండాది."

జ్ఞానరాజు పెన్ను కింద పెట్టాడు. "అంతేనా?"

"అంతే."

"దొంగ పేరు మొదటి మాటలోనే చెప్పేస్తే ఇంక చూసేదెవరప్పా? నాలుగో నిబంధన ప్రకారం ముందు నీ ఇంట్లోవాళ్ల మీద అనుమానం రావల్ల."

"మోటారు ఎత్తాలంటే ముగ్గురు మగోళ్లు కావల్ల సార్. ఇంట్లో ఉండేది నా పెండ్లాం ఒక్కతే. ఆమె ఎట్ల ఎత్తుతాది?"

"ఎత్తక్కర్లే. తలుపు చాటు నుంచి చూస్తే చాలు."

"అయితే నేనే పోయి తెచ్చుకుంటా."

"విచారణలో ఉన్న వస్తువును ముట్టుకుంటే దొంగతనం కేసు నీ మీదికొస్తాది."

మరునాడు కెమెరా వచ్చింది. శివకుమారి మొహం మీదికి ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి దూసుకుపోయింది. (ఇంట్లో అత్త కూడా ఉంటే ఆరుసార్లు దూసుకుపోవచ్చు.) ఆమె చేతిలోని చాట నీడ గోడంతా పరుచుకునేట్టు లైటు పెట్టించారు.

"బియ్యంలో రాళ్లు ఏరుతాండా సార్," అందామె.

"అదే భయంగా ఉండాదమ్మా. ఇంకా మెల్లగా ఏరు."

పొరుగువాడి పాత్రకు మనిషి కావల్సివస్తే నరసన్న ముందుకొచ్చాడు. "ఎవురు ఎత్తుకపోయింటారు మామా?" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఒక్క టేకులో అయిపోయింది. వాని వెనక మోటారు ఆడుతా ఉంది. చూపు అటు పోతోందని జ్ఞానరాజు దాన్ని మసక చేయించాడు.

"సార్, ఆ బొట్లు చూడండి. మా ఇంటామె పెట్టినేవి," అన్నాడు ఓబుళేశు.

జ్ఞానరాజు వంగి చూశాడు. అతని కళ్లు మెరిశాయి. "శానా గట్టి ఆధారం. ఆఖరి భాగానికి దాచుకోవల్ల."

"అదెప్పుడు?"

"పన్నెండో ఆదివారం."

"అంతవరకు చేను ఆగదు సార్."

"ఈ మాట బాగుండాది. గాలి తోలేటప్పుడు ఇంకోసారి చెప్పు."

గాలి రాలేదు. ఫ్యాను తెప్పించారు. ఓబుళేశు ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

చేను రెండో భాగానికి వాలింది, నాలుగో భాగానికి ఎండింది. (ఎండిన చేనును డ్రోన్‌తో తీసినందుకు జ్ఞానరాజుకు ప్రశంసాపత్రం వచ్చింది.)

పన్నెండో ఆదివారం మధ్యాహ్నం నరసన్న గిన్నె పట్టుకొని వచ్చాడు. "మన సీరియలే కదా మామా, కలిసి చూద్దాం." శివకుమారి సంగటి ముద్దలు పెట్టింది. నరసన్న తన గిన్నెలోంచి అందరికీ ఊరిబిండి పచ్చడి వడ్డించాడు. టీవీలో కెమెరా మోటారు దగ్గరికి పోయింది. మొదటి బొట్టు కనపడింది. రెండోది కనపడింది. మూడోది రాబోతుండగా బొమ్మ నిలిచిపోయి, ప్రజాదరణ దృష్ట్యా కథను మరో ఇరవై నాలుగు వారాలు పొడిగించినట్టు అక్షరాలు పడ్డాయి.

ముగ్గురూ తిన్నారు. ఊరిబిండి కమ్మగా ఉంది. అందులో శెనక్కాయలు నరసన్న చేనువి. ఈసారి ఆ చేనుకు నీళ్లు బాగా అందాయి.