పసుపు ఎండేదాకా

ఆ ఆదివారం పొద్దున వేణు అనుకున్నది చాలా చిన్న పని. భార్య శిరీషతో కలిసి మామూలు ప్రయాణికుడిలా షటిల్ బస్సెక్కాలి, కిటికీ పక్కన కూర్చుని ఒక ఫొటో దిగాలి, సాయంత్రం పై అధికారి మార్కండేయ వచ్చేసరికి బస్సు నిండుగా కనిపించాలి. మొదటి రెండూ తన చేతిలో ఉన్నాయి. మూడోది జనం చేతిలో ఉంది, జనం చేతిలో కారు తాళాలున్నాయి.

వేణు నిజామాబాద్‌లో చిన్నపాటి అధికారి. జిల్లాలో జనం సరదాకి ఎక్కే గుట్టలన్నీ అతని కిందికే వస్తాయి. మోర్తాడ్ అవతలి నెమలిగుట్టకు ఈమధ్య గిరాకీ విపరీతంగా పెరిగింది. కొత్తిమీర కోసం వీధి చివరికి నడవని వాళ్ళు కూడా ఆదివారం వచ్చేసరికి టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని, గుట్టెక్కడానికి కార్లలో దిగుతున్నారు. మెయిన్ రోడ్డు నుంచి గుట్ట మొదలు దాకా ఉన్నది ఒక్క బండి పట్టే బాట, అటూ ఇటూ పసుపు చేలు. కిందటి నెల ఆ బాటలో కార్లు ఇరుక్కుపోయి రైతుల ట్రాక్టర్లు సగం రోజు కదల్లేదు. అప్పుడు వేణు బుర్రలో పుట్టిందే ఈ షటిల్ బస్సు. కార్లన్నీ మెయిన్ రోడ్డు పక్క మైదానంలో ఆగిపోవాలి, అక్కడి నుంచి ఎంతటివాళ్ళయినా బస్సే ఎక్కాలి.

పథకం బాగుంది, ఎక్కేవాళ్ళే లేరు. రెండు ఆదివారాలు బస్సు ఖాళీగా వెళ్ళి ఖాళీగా వచ్చింది. కార్ల వాళ్ళు ఎప్పటిలాగే లోపలికి దూసుకుపోయి పొలాల గట్ల మీద ఆపుకున్నారు. మార్కండేయ పిలిచి మెల్లగానే చెప్పాడు.

"ఈ ఐతారం గూడ బస్సు ఖాళీగ కనపడ్డదనుకో, బస్సు డిపోకు వాపస్, నువ్వు రికార్డు రూముకు."

రికార్డు రూములోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వెలుతురులోకి వచ్చిన దాఖలాలు ఆ ఆఫీసులో లేవు. వేణుకు నిజంగానే భయం పట్టుకుంది.

భయంలోనే ఫ్లెక్సీ కొట్టించాడు. 'సొంత వాహనాలకు ప్రవేశం లేదు' అని ఎర్రక్షరాలతో, గుట్ట మొదట్లో కట్టడానికి. ముందురోజు అందాల్సిన ఫ్లెక్సీ ఆ పొద్దున మైదానంలో అందింది. జనం రాకముందే కట్టాలి. బస్సు డ్రైవర్ రామ్‌దాస్ మాత్రం చాయ్ తాగకుండా, టైము కాకుండా బండి తియ్యనన్నాడు. ఇక చేసేదేమీ లేక వేణు ఫ్లెక్సీని తన కారులో పడేశాడు.

"సొంత బండ్లు రావద్దని రాసింది సొంత బండ్ల తీస్కపోతరా?" అంది శిరీష. "ఎవరన్న చూస్తె ఇజ్జత్ పోతది."

"ఐదు నిమిషాల పని. ఎవరు చూస్తరు?"

 అనుకున్న ప్రకారం శిరీష బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది.

ఫ్లెక్సీ కట్టడం నిజంగానే ఐదు నిమిషాల్లో అయిపోయింది. తిరిగొస్తుంటేనే ఎదురుగా ఒక ట్రాక్టర్ ప్రత్యక్షమైంది. దాని వెనక పసుపు ఉడకబెట్టే మిషన్ ఉంది, నాలుగు పెద్ద డ్రమ్ములతో, పొగగొట్టంతో. ట్రాక్టర్ ముందు భోజన్న అనే రైతు నడుస్తున్నాడు. పసుపు తవ్వి కుప్ప పోసుకుని, ఊరంతా తిరిగే ఆ మిషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన మనిషి. ఇవాళ తన వంతు. దాటిపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, ఈలోపు కుప్పలో పసుపు పాడవుతుంది. అందుకే వేణు ఎవరో, ఎంతటివాడో అడక్కుండా బాట పక్కనున్న తన కల్లం చూపించాడు.

"కారు గీ కల్లంల పెట్టు సారూ. మిషన్ లోపటికొచ్చినంక పోదువు."

కల్లం అంటే పంట ఆరబోసే చదును నేల. ఆ చుట్టుపక్కల అంత పెద్ద కల్లం ఇంకొకటి లేదు. వేణు కారును ఓ పక్కకు పెట్టాడు. మిషన్ లోపలికొచ్చి మూలకు చేరింది. హమ్మయ్య అనుకుని కారు తిప్పబోయేసరికి కల్లం మొదట్లో ఒక పెద్ద తెల్ల కారు ఆగి ఉంది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక కంటికి ఆనినంత మేరా కార్లే.

తెల్ల కారులోంచి కిషోర్‌బాబు దిగాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద పొలాలు కొన్నారు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగినా 'అండీ' మాత్రం వదల్లేదు. బోధన్ నడక మిత్రులందరినీ వెంటేసుకుని వచ్చాడు. మైదానం దగ్గర రామ్‌దాస్ చెయ్యి అడ్డం పెట్టాడట. ఇప్పుడే లోపలికి పోయిన కారెవరిదని వీళ్ళు అడిగారట. రామ్‌దాస్‌కు అబద్ధమాడే అలవాటు లేదు, సారుదే అన్నాడట. సారు కారు వెళ్ళగా లేనిది తమ కార్లకేం వచ్చిందని అందరూ లోపలికి వచ్చేశారు.

వేణు వెనక్కి తిప్పమన్నాడు. బాటలో కారు తిరిగే చోటు లేదు, తిప్పాలంటే కల్లంలోకే రావాలి. వచ్చాక మళ్ళీ బయటికి పోవాలని ఎవరికీ అనిపించలేదు. తన కారు డ్యూటీ మీద వచ్చిందని వేణు నచ్చజెప్పబోయాడు.

"మాదీ డ్యూటీయేనండీ," అన్నాడు కిషోర్‌బాబు. "రోజూ నడవమని డాక్టరుగారు రాసిచ్చారు."

చూస్తుండగానే ఇరవై దాకా కార్లు కల్లంలో వరసలు కట్టాయి. పార్కింగ్ ఇంత పద్ధతిగా జరగడం నెమలిగుట్ట చరిత్రలో అదే మొదలు. ఫ్లెక్సీ కింద నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుని అందరూ గుట్టెక్కారు. కార్లు ఎప్పుడు తీస్తారని భోజన్న అడిగితే, ఒక గంటలో దిగుతారని వేణు మాటిచ్చాడు. వాళ్ళను దింపుకొస్తానని తనూ వెనకాలే ఎక్కాడు.

పైన గాలి బాగుంది. బోధన్ వాళ్ళు చాపలు పరిచారు, పులిహోర తీశారు, అంత్యాక్షరి మొదలుపెట్టారు. వేణు బతిమాలుతున్నాడు, వాళ్ళు అతనికి పులిహోర వడ్డిస్తున్నారు. పైనుంచి చూస్తే బాటలో షటిల్ బస్సు వస్తూ పోతూ కనబడుతోంది. అందులో ఉన్నది శిరీష ఒక్కతే. బస్సు ఖాళీగా పోయిందన్న మాట రాకూడదని ఆ ఇల్లాలు పొద్దుటి నుంచీ దిగకుండా తిరుగుతోంది. అది చూసి వేణు పులిహోర పక్కన పెట్టి మళ్ళీ బతిమాలడం మొదలుపెట్టాడు.

కింద మిషన్ ఎవరి కోసమూ ఆగదు. మొదటి డ్రమ్ము పసుపు ఉడికింది. ఆరబోసే చోటు కోసం భోజన్న చుట్టూ చూశాడు, అన్నీ కార్లే. అతని భార్య సాయవ్వ మాత్రం చూస్తూ నిలబడే మనిషి కాదు. పొగలు కక్కుతున్న పసుపు కొమ్ముల్ని గంపలకెత్తించి కార్ల ముందూ, వెనకా, నడిమధ్యా తీరుగా పోయించింది. రెండో డ్రమ్ము, మూడో డ్రమ్ము అయ్యేసరికి ఇరవై కార్లూ పసుపు మధ్యలో మునిగి కూర్చున్నాయి.

ఎండ తిరిగాక జనం దిగారు. కల్లం చూసి అంచునే ఆగిపోయారు. కిషోర్‌బాబు ముందుగా తేరుకుని, కాస్త దారి చేసుకుని కార్లు తీసుకుంటామన్నాడు. సాయవ్వ చెంగు దోపుకుని అడ్డం నిలబడింది.

"ఉడికిన పసుపు బిడ్డా. కాలు పెడితెనే పిసికిపోతది. ఏడాది పంట. దీని మీదికెల్లి కార్లు నడుపుతవా?"

కిషోర్‌బాబు ఏదో అనబోయాడు. అంతలో ఆయన భార్య బిందుమాధవి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పసుపును తొక్కించిన కార్లో నేను కూర్చోను. ఇంటికి మీరొక్కరే వెళ్ళండి," అంది.

ఆమె వెనక ఆడవాళ్ళంతా ఒక్కటయ్యారు. పేరంటానికి ఇచ్చే పసుపు మీద టైరు పోనిచ్చిన ఇంట్లో ఏం శుభం జరుగుతుందని నిలదీశారు.  ఎన్నాళ్ళకు ఆరుతుందని వేణు నీరసంగా అడిగాడు.

"ఎండ మంచిగ కొడితె పది పన్నెండు రోజులు," అన్నాడు భోజన్న. "మబ్బు పట్టకుండ మొక్కుకోండ్రి."

అప్పుడే హారన్ కొట్టుకుంటూ షటిల్ బస్సు వచ్చి ఆగింది. పొద్దుటి నుంచి దాని మొహం చూడనివాళ్ళంతా ఒక్కసారిగా తోసుకున్నారు. కిటికీల్లోంచి టోపీలు, కర్రలు వేసి సీట్లు ఆపుకున్నారు. ఈ తోపులాటలో శిరీష సీటు పోయింది. ఫుట్‌బోర్డు మీద భర్త పక్కన ఒంటికాలి మీద నిలబడి ఆమె అతని వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయకపోవడమే మంచిది.

బస్సు ఒక పక్కకు ఒరిగి మైదానంలోకి వచ్చేసరికి మార్కండేయ జీపు దిగి నిలబడి ఉన్నాడు. దిగుతున్న జనాన్ని చూశాడు. మైదానమంతా కలయజూశాడు. అక్కడ ఒక్క కారు కూడా లేదు.

"గీ జనమంత ఎట్లొచ్చిండ్రు?" అన్నాడు.

 వేణు నిజం చెబితే రికార్డు రూము. కిషోర్‌బాబు ఒక్క మాటంటే చాలు, అంతా బయటపడుతుంది. మార్కండేయ నేరుగా ఆయన్నే అడిగాడు, కారేదీ అని. కిషోర్‌బాబు వేణు వంక చూశాడు, భార్య వంక చూశాడు, తాను కూడా ఫ్లెక్సీ కింద నిలబడి ఫొటో దిగిన సంగతి గుర్తొచ్చినట్టుంది.

"కార్లు ముట్టుకోవడం మానేశామండీ," అన్నాడు. "ఇంటికి కూడా ఆర్మూర్ బస్సెక్కే పోతున్నాం. ఇంకో పది పన్నెండు రోజులు ఇంతే."

మార్కండేయకు కళ్ళు చెమర్చాయి. కారు మైదానంలో పెట్టించడానికి బస్సు తెచ్చినవాడు, కారే ఇంట్లో పెట్టి వచ్చేలా జనాన్ని మార్చాడని వేణు భుజం తట్టాడు. నీ బండేదని అడిగితే, తనూ బస్సేనని వేణు చెప్పాడు. పొద్దుటి నుంచీ అతను ఆడిన మాటల్లో నిఖార్సయిన నిజం అదొక్కటే.

మరుసటి ఆదివారం బస్సు మళ్ళీ కిటకిటలాడింది. పసుపు ఎంతవరకు ఎండిందో చూసుకోవడానికి కార్ల వాళ్ళంతా కుటుంబాలతో వచ్చారు. సాయవ్వ వాళ్ళ చేత పసుపు తిరగేయించింది. బిందుమాధవి అందరికంటే బాగా తిరగేసిందని మెచ్చుకుంది కూడా. బస్సును ఏడాది పాటు నడపమని మార్కండేయ ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి ఆదివారం తానే స్వయంగా వచ్చి చూస్తానని కూడా చెప్పాడు.

ఆ తర్వాతి ఆదివారానికి పసుపు ఎండింది. కార్లు దుమ్ము దులుపుకుని ఒక్కొక్కటే కల్లం దాటి పోతుంటే వేణు సంతోషించాల్సింది పోయి దిగులుపడ్డాడు. చివరి కారు కూడా కనుమరుగయ్యాక భోజన్న దగ్గరికి వెళ్ళి, ఊళ్ళో ఇంకా పసుపు ఉడకబెట్టని రైతులెవరైనా ఉన్నారా అని మర్యాదగా వాకబు చేశాడు.