నీళ్లలో నానిన మూడు దిమ్మెలు

ఆ ఉదయం మహేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తెచ్చుకోవాలి, నీలం డ్రమ్ములోంచి మూడు కాంక్రీటు దిమ్మెలు తీయాలి, రోడ్డు వేయించే కంపెనీ ఇంజనీరు త్రివిక్రమరావు కారెక్కి ల్యాబుకు పోవాలి. కూల్చిన గోడల ముక్కలూ, ఉక్కు ఫ్యాక్టరీ పారబోసే స్లాగూ కలిపి అతను స్వయంగా పోసిన దిమ్మెలవి. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానాయి. ల్యాబులో బలపరీక్ష నెగ్గితే సూరత్ శివారు హజీరాలో ఫ్యాక్టరీ రోడ్డు ఆ మాలుతోనే వేస్తారు, మహేశ్‌కు అక్కడే సూపర్‌వైజర్ ఉద్యోగం. ఓడితే పాండేసర మిల్లుల్లో మళ్లీ మరమగ్గమే.

చొక్కాతో తిరిగొచ్చేసరికి డ్రమ్ము ఖాళీ. వాకిట్లో నాయనమ్మ కొమురవ్వ మూడు రాళ్ల పొయ్యి మీద పోచమ్మకు బోనం వండుతోంది. ఆ రాళ్లు అతని దిమ్మెలే. పసుపు రాసి బొట్లు కూడా పెట్టేసింది.

"నాయినమ్మా, అవెందుకు తీసినవ్?"

"బోనం గ్యాస్ మీద వండుతరా బిడ్డా? సూరత్‌ల మంచి రాయి యాడ దొరుకుతది? నువ్వేమో నెల సంది నీళ్లల్ల పెట్టి ఎవ్వల ముట్టనియ్యకపోతివి. మా మనవడికి ఎంత భక్తి అని వాడకట్టంత చెప్పిన."

మహేశ్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "అవి ఇయ్యాల మిషన్ల పెట్టి పలగొట్టాలె."

పొయ్యి చుట్టూ చేరిన ఆడవాళ్లు ఆ మాట పట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. వీధి మలుపు చేరేసరికి ఆ కబురు, మహేశ్ పోచమ్మ పొయ్యి పగలగొడుతున్నాడని అయింది. రెండో మలుపు దగ్గర, కంపెనీవాళ్లు అమ్మవారినే ఎత్తుకుపోతున్నారని అయింది.

అందుకే త్రివిక్రమరావు కారు రాగానే నలభైమంది ఆడవాళ్లు బోనాలతో అడ్డం నిలబడ్డారు. పాపం, ఆయన గోదావరి వైపు మనిషి. ఇదంతా తనకు స్వాగతమనుకుని పొంగిపోయి, దిగి అందరికీ దండం పెట్టాడు, చేతికి పసుపూ, నుదుట బొట్టూ కూడా పెట్టించుకున్నాడు.

"రాళ్లు ఇయ్యం సారూ," అంది కొమురవ్వ.

సంగతి విని ఆయన పొయ్యి వైపు చూశాడు. "మంటలో కాలిన దిమ్మెలు టెస్టుకు పనికిరావయ్యా మహేశ్. సాయంత్రానికల్లా రిపోర్టు ఇవ్వకపోతే మావాళ్లు మామూలు కాంక్రీటుకే వెళ్లిపోతారు."

మహేశ్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఆయన చేతికంటిన పసుపు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయాడు.

"ఈ బండ ఎక్కడిది?"

"నాలుగేండ్ల కింద గిదే మాల్‌తోటి పోసిన సార్. నాయినమ్మ బట్టలు ఉతుకుతది."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. నాలుగేళ్ల సబ్బు, సోడా, వానలు, కొమురవ్వ చేతి దెబ్బలు. ఒక్క పగులు లేదు, ఒక్క పెచ్చు ఊడలేదు. పగలగొట్టకుండా బలం కొలిచే సుత్తి ఒకటి కారులోంచి తెచ్చి పదిచోట్ల కొట్టాడు. అది చూపిన అంకె అంత పెద్దదంటే నమ్మలేక మళ్లీ కొట్టాడు.

"దిమ్మె చెప్పేది బలం ఒక్కటేనయ్యా. మావాళ్ల భయమల్లా ఇది ఎన్నాళ్లు మన్నుతుందనే. ఇదిగో జవాబు. బండ ఆఫీసుకు పట్టుకెళ్తాను."

"మరి నేను బట్టలు యాడ ఉతకాలె?" అంది కొమురవ్వ.

సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది. సంతోషం పట్టలేక మహేశ్ వీధంతా పేడాలు పంచాడు. సూపర్‌వైజర్‌గా అతని తొలి పని నాయనమ్మకు కొత్త బండ పోయడం.

మూడు దిమ్మెలూ మళ్లీ నీలం డ్రమ్ములోకే చేరాయి. వచ్చే బోనాల దాకా నీళ్లు మార్చే బాధ్యత కొమురవ్వ తీసుకుంది.